ఆదివారం సినిమాకి ముందు బుజ్జికి ఉత్తరం

చి. ల. సౌ. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

ఆదివారం మీ మరిది వాళ్లతో కలిసి ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ చూడబోతున్నారని మీ అమ్మ చెప్పింది. అది ఒకదానికొకటి ముడిపడే మార్వెల్ సినిమాల వరుసలోది కదా, అంతకుముందు ఏయే సినిమాలు చూడాలో నువ్వు ఎవరినో లిస్టు అడిగావట, టెన్షన్ పడుతున్నావట. పరీక్షకు వెళ్తున్నావా తల్లీ? ఆ లిస్టు పక్కన పడెయ్. 2014లో వచ్చిన ఈ మొదటి భాగానికి ముందు ఏదీ చూడక్కర్లేదు. ఇందులో ముఖ్యమైన ఐదుగురూ తెర మీదకి కొత్తగా వచ్చినవాళ్లే. వాళ్లలో చాలామందికి ఒకరి గురించి ఒకరికే ఏమీ తెలియదు, నీకు తెలియకపోతే తప్పేముంది?

మొదటి ఐదు నిమిషాలు మాత్రం వంటింట్లో ఉండిపోకు. 1988, ఆస్పత్రి, చావుబతుకుల్లో తల్లి, చెవులకు వాక్‌మన్ పెట్టుకుని బయట కూర్చున్న పిల్లాడు. సరదా సినిమా అన్నారు, ఇదేంటి అనిపిస్తుంది. కాసేపటికి అదే పిల్లాడు పెద్దవాడై, ఎవరూ లేని ఏదో గ్రహం మీద అదే వాక్‌మన్ పెట్టుకుని డాన్సు చేస్తుంటాడు. సినిమా పేరు అప్పుడు పడుతుంది. వాడు పీటర్. వాడు వినేవి తల్లి క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చిన 1960లు, 70ల నాటి పాటలు. అవి మనకు తెలిసిన పాటలు కావు, ఫర్వాలేదు. ఆ క్యాసెట్ వాడికి ఎందుకంత ముఖ్యమో తెలిస్తే చాలు. ప్రాణాల మీదకొచ్చిన వేళ కూడా వాక్‌మన్ కోసం వెనక్కి పరిగెత్తే చోట మిగతావాళ్లు నవ్వుతారు, నువ్వు మాత్రం ఆస్పత్రి గుర్తొచ్చి నవ్వుతావు. ఆ తేడా కోసమే మొదటి ఐదు నిమిషాలు.

కథ గురించి తల బద్దలు కొట్టుకోకు. అందరూ ఒక గోళం కోసం కొట్టుకుంటారు. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఉన్న చిలక లాంటిదనుకో. చిలకలో ప్రాణం ఎలా పట్టిందని చిన్నప్పుడు మనం అడిగామా? గ్రహాల పేర్లు, జాతుల పేర్లు వస్తూ పోతూ ఉంటాయి, పోనీ. పక్కన కూర్చుని మీ మరిది ప్రతిదానికీ చరిత్ర విప్పబోతాడు, ‘సినిమా అయ్యాక చెప్పు బాబూ’ అను, నొచ్చుకోడు.

చూడాల్సింది ఆ ఐదుగురి మధ్య జరిగే గిల్లికజ్జాలు. ఒకడు దొంగ, ఒకామె హంతకి, ఒకడు పెళ్లాంబిడ్డల్ని పోగొట్టుకుని పగతో రగిలేవాడు, ఇంకొకటి మాట్లాడే జంతువు, చివరిది నడిచే చెట్టు. ఒక్కరూ మంచిపని చేద్దామని బయల్దేరినవాళ్లు కారు.

ఆ పగతో రగిలేవాడి పేరు డ్రాక్స్. ఆ వేషం వేసిన డేవ్ బటిస్టా ఒకప్పటి రెజ్లర్, మీ ఆయన చిన్నప్పుడు టీవీలో కుస్తీలు చూసుంటే ఇట్టే గుర్తుపడతాడు. వాళ్ల జాతికి ఏ మాటైనా ఉన్నదున్నట్టే అర్థమవుతుంది. సామెతలు వీడి తల మీదుగా వెళ్లిపోతాయని (అంటే బుర్రకెక్కవని) ఎవరో అంటే, తన తల మీదుగా ఏదీ వెళ్లదని, చటుక్కున పట్టేసుకుంటానని చెప్తాడు. ముఖంలో నవ్వు వీసమెత్తు ఉండదు. కామెడీ చేస్తున్నట్టు తెలియని కామెడీ ఇది, నాకు ఇదే ఇష్టం.

చెట్టు పేరు గ్రూట్. సినిమా దాదాపు అంతా ‘ఐయామ్ గ్రూట్’ అన్న ఒక్క మాటే. గొంతు హాలీవుడ్ నటుడు విన్ డీజిల్‌ది. అర్థం నీకు తెలియదు, కానీ పక్కనున్న రాకెట్ (ఆ మాట్లాడే జంతువు పేరు) ఇచ్చే జవాబు వింటే తెలిసిపోతుంది. అందుకని రాకెట్ మాటలు వదలకు. జైల్లో ఒక సీను ఉంది. బల్ల దగ్గర కూర్చుని రాకెట్ పారిపోయే ప్లాన్ చెప్తుంటాడు, ఫలానా బ్యాటరీ పీకితే అలారం మోగుతుంది కాబట్టి దాన్ని ఆఖరున తీయాలని. అప్పుడు అతని మొహం చూడకు, వెనకాల మసగ్గా గ్రూట్ ఏం చేస్తున్నాడో చూడు. సినిమా మొత్తంలో నాకు నచ్చిన తమాషా అదే.

రాకెట్ అంత నోటిదురుసు మనిషి ఎందుకయ్యాడో (మనిషి అనేశాను చూడు) తాగిన మైకంలో ఒకచోట కక్కేస్తాడు. ఎవరో కోసి, కుట్టి, తనను ఇలా తయారుచేశారట. అక్కడ నవ్వు ఆగుతుంది. దానికి ముందు అతను వేసిన వెటకారాలన్నీ వేరేలా వినిపిస్తాయి.

విలన్ మాత్రం నాకు ఆనలేదు. రోనన్ అని, ఎప్పుడూ ఒకే ఉరుము ముఖం. చివర్లో విమానాల యుద్ధం కూడా సాగదీతే, టీ పెట్టుకోవాలంటే అప్పుడు లేచి వెళ్లు. కానీ విలన్ ఎదుట పీటర్ పాట అందుకునే సమయానికి వచ్చి కూర్చో. లోకం మునిగిపోతుంటే వీడు డాన్సు పోటీకి రమ్మంటాడేంటి అని విసుక్కునేవాళ్లుంటారు, మీ మావగారిలాగా. వాళ్లతో వాదించకు.

తెలుగు డబ్బింగ్ దొరికినా మొదటిసారి ఇంగ్లీషులోనే పెట్టుకోండి, కింద అక్షరాలు పెట్టుకుని. మాటకు మాట వేగం అందులో ఉంది.

పేర్లు మొదలవగానే టీవీ కట్టెయ్యకండి. పేర్లు మొదలయ్యే చోట ఒకటి, మొత్తం అయ్యాక ఒకటి, చిన్న చిన్న ముక్కలున్నాయి. ఈ ఓటీటీలు పేర్లు పడగానే వేరే సినిమాలోకి దూకేస్తాయి, అందుకని రిమోట్ మీ మరిదికివ్వక నీ దగ్గరే పెట్టుకో. నచ్చితే 2017లో వచ్చిన రెండో భాగం వచ్చే ఆదివారానికి పెట్టుకోండి.

మీ పెదనాన్న