పాత సైలెన్సర్ అటక మీదే ఉందా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది సాలూరు దగ్గర పల్లె. పని కోసం మూడేళ్ళ కిందట ఒడిశాలోని దమన్‌జోడి వచ్చాను, సిమిలిగుడలో అద్దెకుంటున్నాను. మా బావ 2018లో కొన్న 150 సీసీ బైకు అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది. డబ్బులు ఇచ్చేశాను గానీ ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఇంకా బావ పేరు మీదే ఉన్నాయి. నంబరు ఏపీ 35. చలికాలం వస్తే ఇక్కడ పొద్దున్నే బండి స్టార్టు అవదు. అందుకని వరండాలోనే ఆయిల్ మార్చడం, చైను కడగడం, కార్బొరేటర్ విప్పి బిగించడం నేర్చుకున్నాను. ఆ ఊపులో సైలెన్సర్ మార్చాను, వెనక వెడల్పు టైరు వేశాను, శారీ గార్డు తీసేశాను, మంచు కోసం ముందు రెండు పసుపు లైట్లు పెట్టాను, నంబరు ప్లేటు స్టైలుగా రాయించాను. మొన్న సుంకి ఘాటు దిగుతుంటే తనిఖీలో ఆపి, "ఒక్కో మార్పుకీ ఐదువేలు. ఈసారికి పో" అన్నారు. నిజంగా అంత పడుతుందా? ఇంట్లో సొంతంగా సర్వీసు చేసుకోవడం కూడా తప్పేనా? ఇంకో మాట. విజయనగరంలో కొన్న కొత్త బ్యాటరీ రెండు నెలలకే పోయింది. అడిగితే "నువ్వే బిగించుకున్నావు కదా, వారంటీ రాదు" అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు తేలిక ప్రశ్న తీర్చేద్దాం. మీ బండికి మీరు ఆయిల్ మార్చుకోవడానికి, ప్లగ్గు తుడుచుకోవడానికి, బ్రేకు షూలు వేసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. లైసెన్సు ఉన్న మెకానిక్కే చేయాలన్న నియమం లేదు. చేతనైతే చేసుకోండి. నాకు చేత కాదు. ఒకసారి ప్లగ్గు విప్పబోయి మర కొట్టేసి, ఆ తర్వాత పానా ముట్టుకోలేదు. తీసిన పాత ఆయిల్ మాత్రం కాలవలో పారబోయకండి. ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో వాడేసిన ఆయిల్ ఉంది. డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డులో ఇచ్చేస్తే వాళ్ళ డ్రమ్ములో పోసుకుంటారు. రాత్రి పది దాటాక ఇంజన్ రేసు చేసి చూడకండి. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్దం హద్దు 45 డెసిబెల్స్. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే మీ దగ్గర జవాబుండదు.

ఇక మార్పుల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో రాసినదానికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో ఆ సెక్షనే చెబుతుంది: బండి మౌలిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. రాష్ట్రాల నియమాల్లో ఏముందన్నది తర్వాత, చట్టంలో ఉన్న మాటే పైచేయి అంది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకూ జైలు, లేదా ఒక్కో మార్పుకీ ఐదువేల రూపాయల జరిమానా, లేదా రెండూ. అంటే మిమ్మల్ని ఆపినాయన సెక్షన్ నోటికి తెలిసినవాడే. కానీ లెక్క కట్టేటప్పుడు అన్నిటినీ ఒకే గాటన కట్టేశాడు. మీరు చేసిన ఐదు పనులూ ఒకలాంటివి కావు.

అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది సైలెన్సర్. మీ బండి లాంటి 80 నుంచి 175 సీసీ వాటికి తయారీ దశలోనే శబ్దం హద్దు 77 డెసిబెల్స్ అని పెట్టారు. కంపెనీ సైలెన్సర్ ఆ పరీక్ష పాసై వస్తుంది. మీరు కొన్నది పాసయిందని చూపించే కాగితం మీ దగ్గర ఉందా? ఉండదు. దీనికి 182ఎ మాత్రమే కాదు, 190(2) కూడా పెట్టవచ్చు. శబ్దం, పొగ నియమాలు దాటిన బండి నడిపితే మొదటిసారికే మూడు నెలల వరకూ జైలు లేదా పదివేల వరకూ జరిమానా లేదా రెండూ, దాంతో పాటు మూడు నెలలు లైసెన్సు పోతుంది. దమన్‌జోడి డ్యూటీకి రోజూ బండి మీద వెళ్ళేవాడికి జరిమానా కంటే ఆ మూడు నెలలే ఎక్కువ బాధ. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: పాత సైలెన్సర్ అటక మీదే ఉందా, పాత సామానువాడికి అమ్మేశారా? ఉంటే ఈ ఆదివారమే బిగించేయండి.

టైరు విషయంలో కంపెనీ పుస్తకం తెరిచి చూడండి. మీ మోడల్‌కి ఒప్పుకున్న సైజుల్లో అది ఉంటే గొడవే లేదు. లేకపోతే మార్చేయమనే చెబుతాను. చట్టం పక్కన పెట్టినా, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కి రాసుకునే టైరుతో పొట్టంగి మలుపుల్లో తడి రోడ్డు మీద పోవడం నాకు నచ్చదు.

శారీ గార్డు తీసేస్తే ఏమవుతుందిలే అని చాలామంది అనుకుంటారు. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. పట్టుకోవడానికి హ్యాండిల్, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు కూడా అందులోనివే. సంక్రాంతికి చెల్లినో అమ్మనో వెనక కూర్చోబెట్టుకుని సాలూరు వెళ్తారు కదా, గార్డు వెనక్కి పెట్టేయండి. దాన్ని నిర్మాణంలో మార్పు అని ఐదువేలు వేస్తే నేనైతే వాదిస్తాను. అది 177వ సెక్షన్ కిందకి వచ్చే తప్పు, మొదటిసారి 500 రూపాయలు. నంబరు ప్లేటు మీదా నా వాదన అదే. అక్షరాల కొలతలు నియమాల్లోనే ఉన్నాయి. వెనక ప్లేటు మీద అక్షరాలు 35 మిల్లీమీటర్ల ఎత్తు, అంకెలు 40. వంకర రాతలు, ఏడుని ఇంకోలా చూపించే అలంకారాలు ఏవీ కుదరవు. బండికి వచ్చిన హై సెక్యూరిటీ ప్లేటు తీసి ఎక్కడో పడేసి ఉంటే వెతికి బిగించండి.

పసుపు లైట్ల దగ్గర నేను మీ పక్షమే. పుష్య మాసంలో సుంకి దాటి పైకెక్కితే ముందు చక్రం కూడా కనిపించదని నాకు తెలుసు. జయపురం కోర్టు వాయిదాలకి ఆ దారినే వెళ్తాను. మంచులో వాడే లైట్లకి తెలుపు, పసుపు రంగులు తప్పు కాదు. కాంతి కిందకి వంగి ఉండాలి, ఎదురొచ్చేవాడి కళ్ళలో పడకూడదు. స్పాట్‌లైటు లాంటి దూరపు దీపం రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా కుదరదు. ముందు వైపు ఎర్రలైటు కనిపించకూడదు, వెనక వైపు ఎరుపు తప్ప మరొకటి కనిపించకూడదు అని 108వ నియమం. నీలం, ఊదా రంగుల్లో మిణుకుమిణుకుమనే పట్టీలు పెట్టుకున్న కుర్రాళ్ళని ఇది చూసే పట్టుకుంటారు. మీ లైట్లకి స్విచ్చు, రిలే విడిగా పెట్టి, హెడ్‌లైటు వైరు కోయకుండా కలిపారా? కోసి ఉంటే చట్టం కంటే ముందు మీ బ్యాటరీయే ఫిర్యాదు చేస్తుంది. బహుశా చేసింది కూడా.

ఆ బ్యాటరీ సంగతికే వద్దాం. "నువ్వే బిగించావు, వారంటీ లేదు" అనే మాట వారంటీ కార్డులో ఉందో లేదో చూడండి. లేకపోతే అది దుకాణం మాటే, కంపెనీ మాట కాదు. ఉన్నా, కొనేటప్పుడు మీకు చెప్పారా, బిగింపువల్లే పోయిందని వాళ్ళు చూపించగలరా అన్నది ప్రశ్న. కార్ల విషయంలో ఇలాంటి గొడవే 2014లో, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ముందుకు వచ్చింది. బయట మెకానిక్ దగ్గర చేయించుకుంటే వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టవద్దని 14 కార్ల కంపెనీలకి చెప్పింది. అది కార్ల కేసు, తర్వాత అప్పీళ్ళూ నడిచాయి. కాబట్టి మీ బ్యాటరీకి అది నేరుగా వర్తిస్తుందని చెప్పను, వాదనకి బలం మాత్రం వస్తుంది. ఒక్కటి ఒప్పుకోవాలి. పసుపు లైట్ల లోడు మీద వాళ్ళు వేలు పెడితే మీ కేసు కొంచెం మెత్తబడుతుంది. బ్యాటరీ మీద తయారీ తేదీ, సీరియల్ నంబరు ఫోటో తీసి, బిల్లుతో కలిపి కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. వారం పది రోజులు చూసి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. ఎక్కువసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే వినియోగదారుల కమిషన్. కొన్నది విజయనగరంలోనైనా, మీరు ఉండే చోట, అంటే కొరాపుట్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ వీలు ఇచ్చింది. రెండేళ్ళ లోపు వేయాలి. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. లోపం తయారీలోదా బిగింపులోదా అని తగాదా వస్తే కమిషనే దాన్ని ల్యాబుకి పంపించగలదు. అందుకని పోయిన బ్యాటరీ ఎవరికీ ఇవ్వకండి, మూత కూడా తెరవకండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. ఉత్తరం చదివినప్పట్నుంచీ నాకు టెన్షన్ సైలెన్సర్ గురించి కాదు, మీ బావ గురించి.

డబ్బులిచ్చేశారు, బండి మీది అనుకుంటున్నారు. చట్టం లెక్కలో బండి ఇంకా ఆయనదే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటిదే ఒక కేసు వచ్చింది. కారు అమ్మేశాడు, అది చేతులు మారింది, ఆ తర్వాత ప్రమాదం జరిగింది. అయినా ఆర్‌సీలో పేరు ఎవరిదో పరిహారం విషయంలో వాళ్ళే యజమాని అని కోర్టు తేల్చింది. ఇన్సూరెన్స్ అమల్లో ఉన్నంతకాలం ఎదుటివాళ్ళ పరిహారం సాధారణంగా కంపెనీ కడుతుంది. ఒక్క నెల రెన్యువల్ మర్చిపోయారనుకోండి. ఘాటులో మీరు ఎవరినైనా గుద్దితే సమను వెళ్ళేది సాలూరులో నిద్రపోతున్న మీ బావకి. అక్కగారి ముందు మీరేం చెప్పుకుంటారో నాకు తెలియదు.

మీ బండికి తగిలే నష్టం మాట వేరు. 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మితే పాలసీ కూడా కొన్నవాడికి మారినట్టే, కానీ అది ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే. సొంత నష్టం కవరు దానంతటది రాదు, 14 రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. మీరు పెట్టలేదు. బండి పోయినా, లోయలో పడ్డా, "మాతో ఒప్పందం ఉన్నది బావగారికి, పోగొట్టుకున్నది మీరు" అని క్లెయిము వెనక్కి పంపిస్తారు. దానికి మీరు చెప్పని సైలెన్సర్, వెడల్పు టైరు తోడైతే వాళ్ళ పని ఇంకా సులువు.

ఇంకోటి ఉంది. ఏపీ బండి ఒడిశాలో పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్. మీరు మూడేళ్ళు దాటించారు. ఏపీ నంబరుంటే సాలూరు వెళ్ళినప్పుడు గౌరవంగా ఉంటుందని కొందరు నాతో అన్నారు. దానికి నేనేం చెప్పను!

చేయాల్సిన పని ఇది. బావ ఏపీ వైపు ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ తీయాలి, దాని దరఖాస్తు 28వ ఫారం. బండి మీద అప్పు ఉండి తీరిపోయుంటే 35వ ఫారంతో ఆ మాట ఆర్‌సీలోంచి తీయించాలి. అమ్మినట్టు ఆయన 29వ ఫారం మీద, కొన్నట్టు మీరు 30వ ఫారం మీద సంతకాలు. రాష్ట్రం దాటిన అమ్మకానికి అమ్మినవాడికి 45 రోజులు, కొన్నవాడికి 30 రోజుల గడువు. రెండూ ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి ఆలస్యపు రుసుము పడుతుంది, కట్టేయండి. తర్వాత మీ జిల్లా ఆర్టీవోలో 27వ ఫారంతో కొరాపుట్ జిల్లా నంబరు ఓడీ 10కి దరఖాస్తు, బండి వయసుని బట్టి ఒడిశా పన్ను. కొత్త నంబరుతో హై సెక్యూరిటీ ప్లేటూ వస్తుంది, ఆ బాధ అలా తీరిపోతుంది. ఏపీలో ఒకసారి కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం తిరిగి అడగవచ్చు, ఆ దరఖాస్తు బావ పేరుతోనే వెళ్ళాలి. పొగ సర్టిఫికెట్ చూసుకోండి. మీది బీఎస్ 4 (పొగ ప్రమాణాల్లో నాలుగో దశ) బండి అయితే ఏడాది పనిచేస్తుంది.

ఎన్‌ఓసీ మీద ఏ ఆర్టీవోకి వెళ్తున్నారో రాస్తారు, అక్కడ కొరాపుట్ అనే రాయించండి. అద్దె ఇంటి అగ్రిమెంటు కాపీ దగ్గర ఉంచుకోండి. బండి తనిఖీకి తీసుకెళ్ళేలోపు సైలెన్సర్, గార్డు, టైరు కంపెనీ రూపానికి తెచ్చేయండి. ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ అచ్చు అడుగుతారు. స్టీరింగు పక్కన పేరుకున్న గ్రీజు ముందు రోజు రాత్రే కిరసనాయిలు గుడ్డతో తుడిచి పెట్టుకోండి, ఆ పని మీకు బాగా వచ్చు కదా.