పార్కు పక్క గల్లీలో కారు నిలిపితే గొలుసు వేయవచ్చా?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా ఇంటికి దూరంగా ఉన్న పార్కుకు నేను, నా భార్య రోజూ పొద్దున కారులో వెళ్లి నడుస్తాము. గేటు దగ్గర చోటు దొరకదు కనుక పక్క గల్లీలో రోడ్డు వారగా కారు నిలుపుతాము. అక్కడ ఒక ఇంటివారు గోడకు ‘నో పార్కింగ్’ బోర్డు తగిలించారు, మొన్న మా కారు చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టారు. ఆదివారాల్లో ఒక యువకుడు ఇరవై రూపాయలు వసూలు చేస్తాడు, రసీదు ఇవ్వడు. పోయిన వారం చలానా కూడా వచ్చింది. సర్కారు రోడ్డు మీద ఉచితంగా బండి నిలుపుకునే హక్కు మాకు లేదా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. రోడ్డు రాకపోకల కోసం ఉన్నది. దాని మీద బండి నిలపడం హక్కు కాదు, నిషేధం లేని చోట, ఎవరికీ అడ్డం కానంతవరకు దొరికే వెసులుబాటు. బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించే అధికారాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 117వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి, అది నియమించిన అధికారులకు ఇచ్చింది. వారు కూడా స్థానిక సంస్థను సంప్రదించే ఆ పని చేయాలి. కనుక ఆ రోడ్డు మీద మీకు లేని హక్కు ఆ ఇంటివారికి కూడా లేదు.

వారు సొంతంగా తగిలించుకున్న బోర్డుకు చట్టబలం లేదు, దాన్ని విన్నపంగానే చూడాలి. గొలుసు సంగతి ఇంకా తీవ్రమైనది. నిషేధం ఉన్న చోట నిలిపిన బండిని గానీ, పది గంటలకు పైగా దిక్కులేకుండా వదిలేసిన బండిని గానీ తరలించడానికి లేదా చక్రానికి తాళం వేయడానికి, 127వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రాంతంపై అధికారం గల, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి మాత్రమే అనుమతి ఇవ్వగలడు. మళ్లీ అలా జరిగితే గొలుసు మీరే తెంచకండి. ఫొటో తీసుకుని పోలీసులకు ఫోన్ చేయండి. టైరు కోసినా, రంగు గీకినా అది భారతీయ న్యాయ సంహితలోని 324వ సెక్షన్ కింద నేరం.

అయితే మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటి ఉంది. ఆ రోజు మీ కారు వారి గేటుకు ఎంత దూరంలో ఉంది? గేటుకు అడ్డంగా ఉండి ఉంటే, గొలుసు వేయడం వారి తప్పే అయినా, అసలు తప్పు మీ వైపు కూడా ఉన్నట్లే. ప్రజా మార్గంలో ఆటంకం కలిగించినందుకు అదే సంహితలోని 285వ సెక్షన్ ఐదు వేల రూపాయల వరకు జుర్మానాకు వీలు కల్పిస్తుంది. స్టేషన్‌కు వెళ్లేముందు ఈ లెక్క తేల్చుకోండి.

ఇక చలానా. డబ్బు కట్టేముందు ఈ-చలానా వెబ్‌సైటులో దాని ఫొటో చూడండి, ఎందుకంటే కట్టడమంటే మోటారు వాహనాల చట్టంలోని 200వ సెక్షన్ కింద నేరాన్ని రాజీ చేసుకోవడమే, ఆ తరువాత వాదన ఉండదు. అక్కడి ట్రాఫిక్ బోర్డు మీద నీలం వృత్తానికి ఎర్ర అంచు, మధ్యలో ఒకే ఎర్ర అడ్డగీత ఉంటే బండి నిలిపి వెళ్లకూడదని అర్థం. రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తూ ఉంటే, మనిషిని దింపడానికి కూడా ఆగకూడదని అర్థం. అలాంటి బోర్డు ఏదీ లేదని వాదించడం ఒక్కటే చాలదు. ఫుట్‌పాత్, జీబ్రా గీతలు, మలుపు, బస్టాపు వంటి చోట్ల బోర్డు లేకపోయినా బండి నిలపకూడదు. అందరూ అక్కడే నిలుపుతున్నారన్నది కూడా జవాబు కాదు. ఫుట్‌పాత్‌లెక్కిన బండ్లలో మా వకీళ్లవీ ఉంటాయి. ఫొటోలో ఉల్లంఘన ఏదీ కనిపించకపోతే మాత్రం డబ్బు కట్టకుండా, ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి.

ఇరవై రూపాయల యువకుడిని పురపాలక సంస్థ పేరు, ధర ముద్రించిన రసీదు అడగండి, ఇవ్వకపోతే డబ్బు ఇవ్వనక్కరలేదు. ఇవ్వకుంటే కారు గీకుతానని బెదిరిస్తే అది బలవంతపు వసూలు, న్యాయ సంహితలోని 308వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆ గల్లీలో వసూలు హక్కు ఎవరికైనా వేలంలో ఇచ్చారా అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడిగితే, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఈ తగాదా కోర్టులో కంటే పురపాలక కమిషనర్ గారి బల్ల మీద త్వరగా తెగుతుందని నా అభిప్రాయం. గల్లీలో ఒక పక్కన మాత్రమే, గేట్లు వదిలి, తెల్లగీతలు గీయించాలని కోరుతూ నడకకు వచ్చేవారితో పాటు ఆ ఇంటివారి సంతకం కూడా తీసుకుని, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి. ఒక నకలు ట్రాఫిక్ స్టేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి.