రెండెకరాల సేద్యం మీద ఇల్లు గడుస్తుందా? కొనేవాళ్లు మాకెలా అండగా ఉండొచ్చు?

ఊళ్లో రెండెకరాలున్నాయి, వాటి మీద కుటుంబం బతకగలదా అని అడిగారు. ఊరికి వెళ్లేదాకా పట్నంలో ఉంటూ చుట్టుపక్కల పండినవే కొని రైతుకు సాయపడాలంటే ఏం చేయాలనీ అడిగారు. మాది చేవెళ్ల దగ్గర పల్లె. రెండెకరాల పది గుంటలు, ఒక బోరు, రెండు బర్రెలు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేడేళ్లయింది. అప్పట్నుంచీ చూసింది చెప్తాను.

బతకొచ్చు. కానీ ఒకే పంటను నమ్ముకుని కాదు. అరెకరం వరి మా తిండికే. ముప్పావు ఎకరంలో ఆకుకూరలు, మిగిలినదాంట్లో టమాటా, బెండ, పందిరి మీద బీర. గట్ల మీద కంది వేస్తాం, ఇంటికి సరిపడా పప్పు అక్కడే వస్తుంది. మెంతికూర, పాలకూర దాదాపు నెలకు కోతకొస్తాయి కాబట్టి అన్నీ ఒకేసారి చల్లం, వారానికొక మడి విత్తుతాం. రోజూ నాలుగు రూపాయలు చేతిలో ఆడేది అందువల్లే. సాయంత్రం కోసి, కట్టలు కట్టి, తడి గోనెసంచి కప్పి పెడతాం. తెల్లవారుజామున మూడింటికి ఆటో వస్తుంది, మా ఆయన మెహదీపట్నం రైతుబజారుకు వెళ్తాడు. 1999లో మొదలైన ఈ బజార్లు మాలాంటి చిన్న రైతుకు నిజంగా ఆసరా. రైతుబజారు గుర్తింపు కార్డు ఉంటే మధ్యలో ఎవరూ లేకుండా మన సరుకు మనమే అమ్ముకోవచ్చు.

టమాటా కథ వేరు. ఎక్కువ వచ్చినప్పుడు బజారులో చిల్లరగా అమ్ముడుపోదు, మార్కెట్‌కు వేయాల్సిందే. ఒక ఫిబ్రవరిలో 25 కిలోల బాక్సులు 40 తీసుకెళ్లాం. బాక్సు 70 రూపాయలు పలికింది, మొత్తం 2,800. కోసిన నలుగురికి కూలి 1,600, ఆటో కిరాయి 1,200, హమాలీ, కమీషన్ కలిపి 300. ఇంకో 300 మా జేబులోంచి పోయాయి. విత్తనం, ఎరువు ఖర్చు ఇందులో లెక్కపెట్టలేదు. ఆ రాత్రి మా అత్తమ్మ అన్నం తినలేదు. మిగిలిన టమాటా కోయకుండా చేలోనే వదిలేశాం.

మమ్మల్ని ఆ టెన్షన్ నుంచి కాస్త బయట పడేసింది పట్నంలోని ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు. రైతుబజారులో ప్రతి ఆదివారం మా దగ్గరే కొనే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. మా టమాటా సంగతి విని, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో 18 ఇళ్లను కలిపారు. వారానికొక సంచి, 250 రూపాయలు. చేలో ఏముంటే అది, ఆరు రకాల దాకా వేస్తాం. వారానికి 4,500 వస్తాయని ముందే తెలిస్తే ఎంత తేడా వస్తుందో బయటివాళ్లకు చెప్పడం కష్టం. ఏ మడిలో ఏం వేయాలో ఇప్పుడు ధైర్యంగా అనుకుంటాం. విత్తనానికి అప్పు అడగాల్సిన పని తప్పింది.

వాళ్లు చేసిన అసలు మేలు వానాకాలంలో తెలిసింది. వారం రోజులు ముసురు పట్టి కొత్తిమీర మడిలోనే కుళ్లిపోయింది. బజారులో కొత్తిమీర పిరమయ్యేది అందుకే. ఆ వారం మా సంచిలో గోంగూర, సొరకాయ, బీరకాయ తప్ప వేరే లేవు. 18 ఇళ్లూ తీసుకున్నాయి. ఒకావిడైతే గోంగూర ఎక్కువగా ఉంటే ఇంకో కిలో పంపమన్నారు, పచ్చడి పెడతానని.

కాబట్టి నేను అడిగేది ఇది: ఒకసారి జాలిపడి ఎక్కువ ధర ఇవ్వడం కాదు, ప్రతి వారం రండి. ఒకే రైతు దగ్గర కొనండి. ఏ కాలంలో ఏది పండితే అది వండుకోండి. ఆకుకు రెండు చిల్లులున్నా తీసుకోండి. ఇంకొకటి, బెండకాయ కొన విరిచి చూసి పక్కన పడేయకండి. విరిచిన కాయను తర్వాతి వాళ్లు ముట్టుకోరు, చివరికి అది బర్రెల పాలే.

మందుల గురించి కూడా అడగండి, మాకు కోపం రాదు. ఆకుకూరలకు మేం జీవామృతమే పోస్తాం: 200 లీటర్ల నీళ్లకు పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. ఆవు మా పక్కింటివాళ్లది. టమాటాకు మాత్రం పురుగు మరీ ఎక్కువైతే మందు కొట్టాల్సి వస్తుంది. కొట్టిన వారం సంచిలో టమాటా వేయం, ఆ మాట వాళ్లకు ముందే చెప్తాం.

ఇక మీ రెండెకరాల సంగతి. ఉద్యోగం ఇప్పుడే వదలకండి. మే నెలలో వెళ్లి బోరు ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో దగ్గరుండి చూడండి, వానాకాలంలో చూసి నమ్మొద్దు. నీళ్లు నిలిస్తే మొదటి ఏడాది పది గుంటల్లో ఆకుకూరలే వేయండి. కొనే ఇళ్లు పదైనా దొరికాకే రెండో మడి దున్నండి.