పొట్ట మీద బొచ్చంతా నాకేసుకునే పిల్లి: మా మిరియం సంగతి

మీ ప్రశ్న చదువుతుంటే రెండేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది. మూడేళ్ల ఆడపిల్లి, పొట్టా తొడల లోపలివైపూ నున్నగా అయిపోవడం, నెల కిందటే ఇల్లు మారడం, "ఇది బెంగే కదా, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయొచ్చా" అన్న అనుమానం. అన్నీ అవే.

ముందుగా ఒక మాట, నూనె రాయకండి. నేను రాశాను. మా మిరియం (నల్లపిల్లి, అందుకే ఆ పేరు) రాత్రంతా దాన్ని నాకి వదిలించుకునే పనిలోనే ఉంది. తెల్లారేసరికి దాని పొట్ట ఎర్రగా, నా దుప్పటి పచ్చగా తయారయ్యాయి.

మేం కూకట్‌పల్లి నుంచి నిజాంపేట మారిన మూడు వారాలకి ఇది మొదలైంది. పాత ఇంటి మీద దిగులు పెట్టుకుందని మేమే తేల్చేశాం. మా అత్తయ్య దిష్టి కూడా తీశారు. మొదట చూపించిన డాక్టరుగారు బల్ల మీద రెండు నిమిషాలు చూసి స్ట్రెస్సే అన్నారు, ఏవో చుక్కలు రాసిచ్చారు. నెలన్నర వేశాం. బొచ్చు పోతూనే ఉంది.

రెండో డాక్టరుగారు నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెట్టారు. కొసలు సన్నగా ఉంటే వాటంతటవే రాలినట్టు, తెగి ఉంటే నాలుకతో తెంపుకున్నట్టు. మా దానివన్నీ తెగినవే. "ఫ్లీలు ఉన్నాయా?" అని అడిగారు. అవేనండీ, పేలలాంటివే కానీ గెంతుతాయి. "ఒక్కటి కూడా కనబళ్లేదండీ" అన్నాను ధీమాగా. ఇంతలా నాక్కునే పిల్లి ఒంటి మీద అవి మిగలవట, దొరికినదాన్ని దొరికినట్టు మింగేస్తుంది.

అందుకని వెతకాల్సింది పురుగుని కాదు, దాని రెట్టని. మనం పిల్లల తలకి వాడే పేలదువ్వెన చాలు. తోక మొదట్లో, నడుం మీద గట్టిగా దువ్వి, వచ్చిన చెత్తని తడిపిన తెల్ల కాగితం మీద దులపండి. మట్టయితే నల్లగానే ఉంటుంది. ఫ్లీ రెట్టయితే చుట్టూ ఇటుకరంగు మరక పాకుతుంది, ఎందుకంటే అది అరిగిన రక్తం. మా కాగితం మీద అలాంటి మరకలు అయిదారు తేలాయి. ఫ్లీల లాలాజలం ఒంటికి సరిపడని పిల్లికి ఒకటి రెండు కాట్లకే ఒళ్లంతా దురదట.

గుమ్మం దాటని పిల్లికి ఇవెక్కడివి? మాకు ముందున్నవాళ్లకి రెండు పిల్లులుండేవని వాచ్‌మన్ చెప్పాడు. ఫ్లీలు నేల సందుల్లో తమ గూళ్లలో నెలల తరబడి కదలకుండా ఉండి, మళ్లీ ఇంట్లో అలికిడి, వెచ్చదనం తగలగానే బయటికొస్తాయి. అంటే ఇల్లు మారడమే కారణం. దిగులుది మాత్రం కాదు తప్పు.

మందు సులువే. పిల్లి బరువుని బట్టి నెలకోసారి మెడ వెనక, నాలుక అందని చోట వేసే చుక్కలు. మూడు నెలలు మానకుండా వేశాం. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికాం, సోఫా కింద రోజూ వాక్యూమ్ పెట్టాం. పక్కింటివాళ్లు వాళ్ల కుక్కకి వాడే చుక్కలు ఇస్తామన్నారు. చచ్చినా తీసుకోకండి. వాటిలో కొన్నిట్లో ఉండే పర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లుల ప్రాణం తీస్తుంది.

నాక్కోకుండా మెడకి తొడిగే గరాటులాంటి కోన్‌ని, నాకి చేసుకున్న పుండ్లు మానేదాకా పది రోజులే ఉంచాం. ఆ పది రోజులూ గోడలన్నిటికీ గుద్దుకుంటూ వెనక్కే నడిచింది పాపం. బొచ్చు మళ్లీ ఒత్తుగా రావడానికి రెండున్నర నెలలు పట్టింది.

మీ కాగితం మీద మరక రాకపోయినా ఫ్లీలు లేవని ఖాయం కాదు, కాబట్టి చుక్కలు ఎలాగూ వేయించండి. తామర పరీక్ష కూడా చేయించండి. పొత్తికడుపే నాకుతూ మాటిమాటికీ లిట్టర్ (దాని మలమూత్రాల పెట్టె) దగ్గరికెళ్తుంటే మూత్రం పరీక్ష ముందు. మూత్రసంచి నొప్పికి కూడా అక్కడే నాక్కుంటాయి. ఆ తర్వాత, తిండి పడకపోవడం వల్లేమో చూడాలి. ఇప్పటిదాకా తినని ఒక్క మాంసం మీద కనీసం ఎనిమిది వారాలు ఉంచాలి. మధ్యలో ఎవరో జాలిపడి చేపముక్క పెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మా ఇంట్లో అయితే ఆ జాలి అత్తయ్యదే అయ్యుండేది.

బెంగతో నాక్కునే పిల్లులు ఉండవని కాదు. కానీ 2006లో అమెరికా పశువైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో, మానసికమే అనుకుని పంపిన 21 పిల్లుల్లో 16టికి ఒంట్లోనే కారణం దొరికింది. కేవలం మానసికం అని తేలినవి రెండే. మిగతా మూడింటికి రెండూ ఉన్నాయి.

మా మిరియం ఆ మూడింటి కోవలోదేమో. బొచ్చు వచ్చాక కూడా సాయంత్రాలు పిట్టగోడ మీద ఒక గండుపిల్లి కనబడితే చాలు, కూర్చుని పొట్ట నాక్కునేది. బాల్కనీ అద్దానికి కింది సగం కాగితం అంటించాం, ఆ వేళకి పది నిమిషాలు తాడుతో ఆడించి అన్నం పెట్టడం మొదలుపెట్టాం. నాకుతున్నప్పుడు కసరడం మానేశాం, కసిరితే మంచం కిందికెళ్లి మరీ నాక్కునేది. ఇప్పుడు ఎప్పుడో వారానికోసారి.

ఈ రాత్రికే దువ్వి చూడండి. మరక ఏ రంగులో వచ్చిందో, ఒంటి మీద ఏ చోటి బొచ్చుదో రాయండి.