వైరస్ మారిపోతుంటే టెస్టుకు ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: నా వయసు 42. రక్త పరీక్షలో హెపటైటిస్-సి పాజిటివ్ వచ్చింది, ఆర్‌ఎన్‌ఏ పీసీఆర్‌లోనూ వైరస్ ఉందన్నారు. 12 వారాలు మాత్రలు రాశారు. ఈ వైరస్ ఎప్పటికప్పుడు మారిపోతుందని, దాని ఆర్‌ఎన్‌ఏ మడతలు పడి కణాన్ని ఆడిస్తుందని చదివాక టెన్షన్ పట్టుకుంది. అంతగా మారేది టెస్టుకు ఎలా దొరికింది? మందులు వాడినా ఎక్కడైనా దాక్కుంటుందా?

జవాబు: మీరు చదివింది నిజమే, కాకపోతే సగమే. మీకు ధైర్యం ఇచ్చేది ఆ మిగతా సగం.

ఈ వైరస్ ఆస్తి అంతా దాదాపు 9,600 అక్షరాల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యు సమాచారం రాసి ఉన్న పోగు. ప్రోటీన్లు తయారవ్వాలన్నా, కొత్త కాపీలు పుట్టాలన్నా దాన్ని చూసే. ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ ఆ పోగును మొదటి కొస నుంచి చదువుతూ వస్తుంది, కాపీ తీసే ఎన్‌ఎస్5బి ఎంజైమేమో చివరి కొస నుంచి మొదలుపెడుతుంది. సింగిల్ లైన్ మీద ఎదురెదురుగా రెండు రైళ్లు! అక్కడ సిగ్నల్ పని చూసేవి ఈ మడతలే.

మన కణాల్లో ప్రోటీన్ తయారీకి సమాచారం మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కొసన క్యాప్ అనే రసాయన టోపీ ఉంటే దాన్ని గుర్తుపట్టి రైబోజోమ్ ఎక్కుతుంది. ఈ వైరస్‌కు క్యాప్ లేదు. మొదటి 340 అక్షరాలు తమలో తామే మెలికపడి, జడపిన్నుల్లా వంగి, ఐరెస్ అనే ఆకారం కట్టి, రైబోజోమ్‌లోని చిన్న భాగాన్ని నేరుగా పట్టి తెచ్చి ప్రోటీన్ మొదలయ్యే చోటే కూర్చోబెడతాయి. దొడ్డిదారి అన్నమాట. పైగా మన కాలేయంలో దండిగా ఉండే మిర్-122 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ అక్కడే రెండు చోట్ల అతుక్కుని, ఎంజైములు ఆ కొసను కొరికేయకుండా కాపాడుతుంది. ఇంటివాళ్లే దొంగకు గొడుగు పట్టడం అంటే ఇదే.

చివరి కొసన 98 అక్షరాల ఎక్స్-టెయిల్ ఉంది. అందులోని ఒక లూప్ (మడత కొసన ఉంగరంలా మిగిలే భాగం), కాస్త ముందున్న ఇంకో లూప్‌తో కొక్కెంలా చిక్కుకుంటుంది. ల్యాబ్‌లో ఆ జత చెడగొడితే కాపీలు ఆగిపోయాయి, రెండోదాన్నీ సరిపడేలా మార్చి మళ్లీ కలిపితే మొదలయ్యాయి.

ఇప్పుడు మీ భయం సంగతి. ఎన్‌ఎస్5బికి తప్పులు దిద్దుకోవడం రాదు, అందుకే వైరస్ మారుతుంటుంది. కానీ మడతల దగ్గర ఆ స్వేచ్ఛ లేదు, ఆకారం చెడితే అక్కడితో దాని పని సరి. అందుకే ఆ మొదటి కొస పెద్దగా మారదు, పీసీఆర్ కిట్లు ఎక్కువగా వెతికేదీ అక్కడే. మీకు దొరికింది అలాగే.

మాత్రలు మడతల జోలికి పోవు. సాధారణంగా ఇచ్చే సోఫోస్‌బువిర్ ఎన్‌ఎస్5బికి అడ్డుపడుతుంది, వెల్‌పటాస్‌విర్ ఎన్‌ఎస్5ఏ అనే మరో ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. హెపటైటిస్-బిలా ఇది కణ కేంద్రకంలో తిష్ఠ వేయదు, కాబట్టి కాపీలు ఆగితే దాక్కునే చోటు లేదు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. అయితే మాత్రలు మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి టెస్ట్ చేశారో లేదో మీ డాక్టర్‌ని అడగండి, అది లోపల ఉంటే ఈ మందులతో తిరగబెట్టొచ్చు. కోర్సు అయ్యాక 12 వారాలు ఆగి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ పీసీఆరే చేయించండి. యాంటీబాడీ టెస్ట్ చేయిస్తే, నయమైనా ఏళ్ల తరబడి పాజిటివ్ అనే వస్తుంది. అది చూసి కంగారు పడొద్దు.