గండికోట లోయ చూడబోయే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు పిల్లలను తీసుకుని గండికోటకు వెళ్లాలనుకుంటున్నట్లు రాశావు. అందుకు ఆ రోజులే అనువైనవి; ఎండలు ముదిరాక పగటిపూట ఆ రాతి మీద కాలు నిలవదు. జమ్మలమడుగు నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లే కనుక, మంచినీళ్లు అక్కడే నింపుకుని తెల్లవారుజామున బయలుదేరండి.

కోటలో జామియా మసీదు దాటి కొద్ది దూరం నడిస్తే లోయ అంచు వస్తుంది. నడక చిన్నదే గాని, చివరన బాట అంటూ ఉండదు, బండలు ఎక్కి దిగవలసిందే. అందుచేత పిల్లలకు పట్టున్న బూట్లు వేయించు. చీర కట్టుకోవద్దని నేను అనను గాని, కుచ్చిళ్లు చేతపట్టుకుని ఆ బండలెక్కిన మీ అత్తయ్య దారిపొడవునా నన్ను తిట్టిన తిట్లు ఇంకా మరువలేదు.

ఒక సంగతి మాత్రం వివరంగా రాయాలి. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోట ఏర్పడినది ఈ గండి. భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్జైట్ అని పిలిచే ఇక్కడి శిల పలకల మీద పలకలు పేర్చినట్లుంటుంది. ఆ పొరలను నిలువు పగుళ్లు కూడా చీల్చడం వల్ల, తాపీవాడు గోడకు చెక్కి ఉంచినట్లు దిమ్మెలు దిమ్మెలుగా విడిపోతుంది. కింద ఆనిక పోయిన దిమ్మె ఏనాటికో ఒకనాటికి నదిలోకి జారుతుంది. లోయ గోడలు అంత నిటారుగా నిలవడానికీ, వాటి అంచు నమ్మదగనిది కావడానికీ కారణం ఇదే. తాను నిలబడిన బండ కింద రాయి ఉన్నదో, ఖాళీ ఉన్నదో పైనున్న మనిషికి కనిపించదు. కనుక అంచుకు రెండు బారల ఇవతలే కూర్చుని చూడండి, ఫొటో కోసం ఎవరినీ వెనక్కి అడుగు వేయనివ్వకు. రాత్రి వాన పడి ఉంటే రాయి ఆరేదాకా ఆగండి.

దిగువన మైలవరం జలాశయం ఉన్నందువల్ల లోయలో నీరు నిలిచి, పైనుంచి ప్రశాంతంగా కనిపిస్తుంది. చిన్నవాడు దిగుదామని మారాం చేసినా ఒప్పుకోవద్దు.

చాలామంది పావుగంట చూసి వెనుదిరుగుతారు. మీరు గంటసేపైనా కూర్చోండి. పొద్దెక్కేకొద్దీ రాతి ఎరుపు మారడం పిల్లలే ముందుగా కనిపెడతారు. మసీదు దగ్గరి ధాన్యాగారం, మాధవరాయస్వామి ఆలయం తిరుగు దారిలో చూడవచ్చు. పండుగ రద్దీ ఉంటుంది కనుక, రాత్రి బస చేసేటట్లయితే గది సంగతి ఇప్పుడే మాట్లాడుకో.

ఇట్లు,
మామయ్య