ఆరు వేల కోట్లు కట్టాక ఇంకా ఓపెన్ యాక్సెస్ ఎందుకు?

"వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చేసింది కదా, ఇంకా ఈ ఓపెన్ యాక్సెస్ గోల ఎందుకు?" అని అడిగారు. ఓపెన్ యాక్సెస్ అంటే పరిశోధన వ్యాసాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంచడం. మీరు ఏదో ప్రభుత్వ యూనివర్సిటీలో ఉన్నట్టున్నారు. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ లైబ్రరీ చూసుకుంటాను. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అంటే సంస్థలన్నిటి తరఫునా కేంద్రమే పరిశోధన జర్నల్స్‌కు చందా కట్టే పథకం. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. వినడానికి బ్రహ్మాండం. కానీ ప్రస్తుతానికి అదంతా ప్రభుత్వ సంస్థలకే. మా పిల్లలు గేటు బయటే.

ఆమధ్య బోటనీ చదివే ఒక పాప ప్రాజెక్టు పని మీద వచ్చింది. 2000లో మన జిల్లాలో శెనక్కాయ పంటను ఊడ్చేసిన కాండం కుళ్ళు వైరస్ గురించి. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్న ఏడాది అది, వాళ్ల తాత చేను కూడా పోయిందట. పేపరు దొరికింది, కానీ తెరిస్తే సారాంశం వరకే. మిగతాదానికి డాలర్లు. ఫోను నా వైపు తిప్పి, "కార్డు నంబరు అడుగుతోంది సార్, మా నాయన ఏటీఎం కార్డు పనిచేస్తుందా?" అంది.

మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్ల రిపాజిటరీలో, అంటే పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో, వెతికితే అదే పేపరు ఉచితంగా ఉంది. వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుందని, తామర పురుగులు దాన్ని పంటకు అంటిస్తాయని చదివి, "మా గట్టు నిండా అదే కదా సార్!" అని లేచి నిలబడింది.

మా మేనేజ్‌మెంటుకు కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ టీం వస్తోందంటేనే లైబ్రరీ గుర్తొస్తుంది. అప్పుడు హడావుడిగా కొన్న జర్నల్స్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయి. రీడింగ్ రూంలో ఫ్యాను తిరగక పిల్లలు వరండాలో కూర్చుంటారు, అది ఎవరికీ పట్టదు.

ఓపెన్ యాక్సెస్ అనగానే రచయిత ఫీజు కట్టడమే అనుకుంటారు చాలామంది. నేచర్ అనే పేరున్న సైన్సు జర్నల్ 2021లో ఒక్కో వ్యాసానికి 9,500 యూరోలు పెట్టింది. నేనడిగేది ఆ వ్యాపారం కాదు. రాసినవాళ్లు తమ ప్రతిని రిపాజిటరీలో పెడితే చాలు. తమ నిధులతో జరిగిన పరిశోధనకు అలా పెట్టాల్సిందేనని కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), సైన్సు-టెక్నాలజీ విభాగం (డీఎస్టీ) 2014లోనే విధానం రాసుకున్నాయి. దాన్ని గట్టిగా అమలు చేసుంటే ఈ 6,000 కోట్లలో సగం మిగిలేది, రాసిస్తాను కావాలంటే. పీహెచ్‌డీ థీసిస్‌లు అందరూ చదువుకునేలా శోధ్‌గంగ వెబ్‌సైటులో పెడుతున్నారు కదా, పేపర్లు పెట్టడానికి మాత్రం మన ప్రొఫెసర్లకు ఏం అడ్డమొచ్చిందో!